ఆపొద్దన్న కంప్యూటరు

మా ఆవిడను కడప ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి కారు వచ్చి వాకిట్లో ఆగినప్పుడు ఆమె నాకు రెండు పనులు చెప్పింది. గిన్నెలో ఉన్న పాలు విరిగిపోకముందే పక్కింటికి ఇచ్చెయ్యమంది. చదువుకునే గదిలో ఉన్న కంప్యూటరును మాత్రం ఆపొద్దంది.

"అది పనిలో ఉండాది. నేనొచ్చేదాకా దాన్ని కదిలించొద్దు" అంది.

పాలు ఇచ్చాను. కంప్యూటరు జోలికి పోలేదు. కడపలో డాక్టర్లు చూసి కర్నూలుకు తీసుకుపొమ్మన్నారు. కర్నూలులో ఆమె మాట్లాడిన రోజులు కొన్ని, మాట్లాడని రోజులు కొన్ని. మాట్లాడిన రోజుల్లో కూడా కంప్యూటరు సంగతి నేను అడగలేదు, ఆమె ఎత్తలేదు. చివరికి ఎర్రగుంట్ల చర్చి వెనక సమాధుల తోటలో ఆమెను పెట్టి, ఇంటికొచ్చి చెప్పులు విప్పేసరికి ఆ గదిలో పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. దాన్ని ఆర్పడానికి నా చెయ్యి పోలేదు. తాను వచ్చేదాకా అంది. రాదని నాకు తెలుసు. అయినా ఆ మాటను మార్చి ఇంకో మాట చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

నేను రైల్వేలో గూడ్స్ గార్డుగా పనిచేసి రిటైరయ్యాను. ఆమె ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరు. వాళ్ళది పత్తికొండ పక్క పల్లె. టమాటా తోటల్లో కూలికి పోయే ఇంట్లోంచి చదువుకొని వచ్చిన మనిషి. వాళ్ళ బడికి ప్రభుత్వం కంప్యూటర్లు ఇచ్చినప్పుడు వాటిలో విండోస్‌కు బదులు లైనక్స్ ఉండేది. మిగతా టీచర్లు అది కొరుకుడు పడదని గదికి తాళం వేసి వదిలేస్తే, ఈమె పిల్లలకు నేర్పాలంటే ముందు తనకు రావాలని ఇంట్లో కూడా ఒకటి పెట్టుకుంది. విడిభాగాలు కొనుక్కొచ్చి బిగించిన పెట్టె అది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కొడుతూ గంటలకొద్దీ కూర్చునేది.

"దాన్ని తిడుతున్నావా ఏమి?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"అడుగుతాండా. సరిగ్గా అడిగితే సరిగ్గా చెప్తాది" అనేది.

నాకూ అందులో ఒక ఖాతా తెరిచి పెట్టింది. నేను పాత పాటలు వినడానికి, చదరంగం ఆడుకోవడానికి దాన్ని వాడేవాణ్ణి. ఆమె ఖాతాలో ఏముందో, ఏం చేసేదో నాకు పట్టేది కాదు.

ఆమె పోయాక బళ్ళారి నుంచి మా అమ్మాయి వచ్చి కొన్నాళ్ళుండి, తన పిల్లల పరీక్షలు మొదలవుతున్నాయని వెళ్ళిపోయింది. నేను పాటలు వినడం మానేశాను. ఇంటర్నెట్ తీయించేశాను. ఆ గదిలోకి పొద్దున ఊడవడానికి మాత్రం పోయేవాణ్ణి. తెర ఆపేసి ఉండేది. కింద పెట్టె మాత్రం సన్నగా గాలి వదులుతూ, ముసలి పిల్లి గురక పెట్టినట్టు, తన మానాన తానుండేది.

ఆ ఏడు ఎండలు ముదురుతున్నప్పుడు ఒక సాయంత్రం పెద్ద గాలివాన వచ్చింది. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది గాని అది ఎంతసేపని నిలబడుతుంది. మరుసటి రోజు అదీ చేతులెత్తేసింది, కంప్యూటరు ఆగిపోయింది. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండగలదని నేను మరిచిపోయాను. నేను ఆపలేదు, దానంతట అదే ఆగింది అనుకున్నాను. అబద్ధమెందుకు, కొంచెం తేలిగ్గా కూడా అనిపించింది.

ఇంకో రోజు గడిచాక మిట్టమధ్యాహ్నం కరెంటు వచ్చింది. నేను వంటింట్లో అన్నం వార్చుకుంటున్నాను. ఫ్యాన్లు తిరగడం మొదలైంది. ఆ వెంటనే చదువుకునే గదిలోంచి 'బీప్' మని ఒక చప్పుడు వచ్చింది. గరిటె పట్టుకొనే పోయి తలుపు దగ్గర నిలబడ్డాను. బొత్తాం ఎవరూ నొక్కలేదు. పచ్చ దీపం వెలిగింది. కరెంటు రావడంతో తెర కూడా వెలిగి, దాని మీద రెండు పేర్లు కనిపించాయి. పైన ఆమెది, కింద నాది. ఆమె పేరు కింద పాస్‌వర్డ్ అడుగుతూ ఒక గీత మిణుకు మిణుకుమంటూ ఉంది. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడి, తెర ఆపి, వచ్చేశాను. అన్నం మెత్తబడిపోయింది.

కరెంటు రాగానే తనంతట తాను మొదలయ్యేలా అలాంటి పెట్టెల్లో ఒక ఏర్పాటు ఉంటుందని తరవాత తెలిసింది. ఆ రోజు తెలియదు.

అప్పటినుంచి మధ్యాహ్నాలు మారిపోయాయి. అన్నం తిని నేను నడవలో బండల మీద చాప కూడా లేకుండా పడుకుంటాను. కడప బండ ఎండాకాలంలో కూడా వీపుకు చల్లగా ఉంటుంది. కళ్ళు మూతపడే సమయానికి ఆ గదిలో పెట్టె మేలుకునేది. ముందు గాలి కొంచెం పెరిగేది. తరవాత ఇంకొంచెం. చూస్తుండగానే పిండిమర దగ్గర నిలబడినట్టు హోరెత్తేది. ఆ హోరు మధ్యలో 'టక్' మని ఒక చప్పుడు, కొంచెం ఆగి మళ్ళీ 'టక్'. రేకు డబ్బాలోపలినుంచి ఎవరో గోటితో కొడుతున్నట్టు. పొద్దు వాలే వేళకు అన్నీ తగ్గి మామూలైపోయేది. ఎవరూ తాకని యంత్రం, ఎవరూ లేని గది. రోజురోజుకీ ఆ హోరు ఇంకాస్త ఎక్కువసేపు ఉంటోందని కూడా గమనించాను.

మా పక్కింట్లో ఒక ముసలమ్మ ఉంది. ఉర్దూలో పిన్నమ్మను పిలిచినట్టు నేను ఖాలా అంటాను. రెండిళ్ళకూ గోడ ఒకటే. ఒకరోజు గడప దగ్గర నిలబడి అడిగింది.

"ఏమప్పా, దినాము మధ్యాన్నం పూట ఏం రుబ్బుతాండావు?"

"నేనేం రుబ్బడం లేదు ఖాలా. కంప్యూటరు."

"నువ్వు దాంట్లో పని చేస్తాండావా?"

"లేదు."

ఆమె కొంచెంసేపు నా మొహం చూసింది. "మరి ఎవరు చేస్తాండారు?" అని, నేను జవాబు చెప్పకముందే, "పోనీలే, చెయ్యనీ" అని వెళ్ళిపోయింది. నేను ఆ సాయంత్రమంతా వాకిట్లోనే కూర్చున్నాను.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బండి చివర బ్రేక్‌వ్యాన్‌లో ఒంటరిగా కూర్చొని నల్లమల అడవిలో, సొరంగాల్లో పోయినవాణ్ణి. చీకటంటే నాకు బెరుకు లేదు. కానీ పట్టపగలు, నా ఇంట్లో, ఆ గది తలుపు దాటి నీళ్ళకుండ దగ్గరికి పోవడానికి వెనకాడాను. భయమని ఒప్పుకోవడానికి సిగ్గేసేది. భయం కూడా కాదేమో. లోపల ఎవరైనా ఉంటే ఎలాగన్న బెదురు ఒకటి, ఎవరూ లేకపోతే ఎలాగన్నది ఇంకొకటి.

ఒక మధ్యాహ్నం ముక్కుకు వాసన తగిలింది. గార్డుకు ఆ వాసన నిద్రలో కూడా తెలుస్తుంది. వ్యాగన్ ఇరుసు వేడెక్కినప్పుడు గ్రీజు కాలుతూ ముందు వాసనే వస్తుంది, పొగ తరవాత వస్తుంది. లేచి గదిలోకి పోయి పెట్టె మీద చెయ్యి పెట్టాను. పెనం మీద పెట్టినట్టయింది. చెయ్యి తీసేలోపల అది ఒక్కసారిగా ఆగిపోయింది.

ఆపొద్దంది కదా. చల్లారేదాకా పక్కనే కూర్చొని, బొత్తాం నొక్కి మళ్ళీ మొదలుపెట్టాను. మరుసటి మధ్యాహ్నం మళ్ళీ వేడెక్కి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను. ఇదే నా దినచర్య అయింది. "నాన్నా, అది పాతదైపోయింది, ఎవరికన్నా ఇచ్చెయ్" అని మా అమ్మాయి ఫోనులో అంది. బజార్లో రిపేరు చేసేవాణ్ణి అడిగితే, "అంతా చెరిపేసి కొత్తగా వేస్తా సార్, ఫస్ట్ క్లాస్‌గా అయితాది" అన్నాడు. చెరిపేసి అన్న మాటకే నేను లేచి వచ్చేశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు ఒకమ్మాయి పలకరించింది. మా ఆవిడ దగ్గర చదువుకున్న పిల్ల. ఇప్పుడు సిమెంటు ఫ్యాక్టరీ కంట్రోల్ రూములో ఇంజనీరు, ఇద్దరు బిడ్డల తల్లి. "మేడం కంప్యూటరు ఇంకా ఉండాదా సార్?" అని అడిగింది. ఆమె అడగడంతో నేను అంతా చెప్పేశాను. వేడి సంగతి, ఆగిపోయే సంగతి. మధ్యాహ్నమే మేలుకుంటుందన్నది మాత్రం ఎలా చెప్పాలో తెలియక మింగేశాను.

తన సెలవురోజు పొద్దున్నే వచ్చింది. పెట్టె పక్కరేకు విప్పి చూసి, "అయ్యో" అంది. లోపల సిమెంటు దుమ్ము. మా ఊళ్ళో అది అన్నింటిమీదా పడుతుంది, చెట్ల ఆకులమీదా, ఆరేసిన బట్టలమీదా. లోపల నూగుతో కలిసి కంబళి ముక్కలా పేరుకుపోయింది. ప్రాసెసర్ వేడిని బయటికి తీసుకుపోయే అల్యూమినియం రెక్కల మధ్య గాలి దూరడానికి సందే లేదు. ఆ రెక్కలను ఊడదీసి చూస్తే కింద పూసిన పేస్టు ఎండిన సున్నంలా పొడి పొడిగా రాలింది.

"ఇట్లుంటే ఎట్ల పనిచేస్తాది సార్, పాపం" అని, బ్రష్షుతో దులిపి, కొత్త పేస్టు పూసి, బిగించింది. నా ఖాతాలోంచి లోపలికి పోయి వేడి ఎంతుందో చూసింది. తగ్గింది. కాఫీ తాగి, సంతోషంగా వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం అది మళ్ళీ హోరెత్తింది, మళ్ళీ ఆగిపోయింది. కాకపోతే కొంచెం ఆలస్యంగా.

ఫోన్ చేసి ఇక దాచకుండా చెప్పాను. "అమ్మా, అది మధ్యాన్నమే లేస్తాది. నేను తాకను. దానంతట అదే."

ఆమె నవ్వలేదు. తరవాతి సెలవుకు పొద్దున కాక అన్నం వేళకు వచ్చింది. ఇద్దరం తెర ముందు కూర్చున్నాం. నా ఖాతాలో నల్లతెర తెరిచింది. కంప్యూటరులో ఆ క్షణాన ఏయే పనులు నడుస్తున్నాయో, ఏ పని ఎవరిదో చూపించే పట్టిక ఒకటి ఉంటుందట, దాన్ని పైకి తెచ్చింది. వరసలు అటూ ఇటూ కదులుతున్నాయి. చాలావాటి పక్కన యంత్రం సొంత పేరు, కొన్నింటి పక్కన నా పేరు.

కాసేపటికి ఫ్యాను గొంతు మారింది. పట్టికలో అన్నిటికంటే పైకి ఒక వరస వచ్చి కూర్చుంది. దాని పక్కన మా ఆవిడ పేరు.

ఆ అమ్మాయి చేతులు కీబోర్డు మీదినుంచి లేచాయి.

"సార్, దీన్ని ఇంకెవరన్నా వాడుతాండారా?"

"లేదమ్మా."

"మేడం పేరు మీద పని నడుస్తాండాది. ఉన్న బలమంతా అదే తీసుకుంటాండాది."

గది బయట ఎండ తెల్లగా కాస్తోంది, వీధిలో సిమెంటు లారీ ఒకటి పోతోంది, లోపల ఆమె పేరు తెర మీద అందరికన్నా పైన నిలబడి పనిచేస్తోంది. చర్చి వెనక మట్టి ఇంకా సరిగ్గా కూర్చోలేదు.

"ఏం పని అది?" అన్నాను.

"వీడియో తయారు చేసే ప్రోగ్రామ్ లాగుండాది. వివరం ఈడ్నించి కనపడదు."

"ఆపగలవా?"

ఆమె ఏదో కొట్టింది. తెర ఒక్క ముక్క జవాబిచ్చింది. ఆమె దాన్ని తెలుగులో చెప్పడానికి కొంచెం తటపటాయించింది. "మీ ఖాతా నుంచి ఆపేదానికి లేదంట సార్. మీకు అనుమతి లేదంటాంది."

హోరు పెరుగుతూ పోయింది. 'టక్' మని ఆ చప్పుడు మొదలైంది. ఆ అమ్మాయి చెవి పెట్టెకు దగ్గరగా పెట్టి విని, మొహం ముడుచుకుంది. ఆ వెంటనే తెర నల్లబడింది. ఆగిపోయింది.

"వేడి ఒక్కటే కాదు సార్. ఆ టక్ టక్ ఫ్యాన్‌ది కాదు, హార్డ్ డిస్క్‌ది. అది పోయేట్టుండాది" అంది.

తన సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి దానిలోంచి యంత్రాన్ని మొదలుపెట్టింది. అలా చేస్తే పాత డిస్కులోని పనులేవీ లేవవట. డిస్కు బాగోగులు అడిగి చూసింది. కొన్ని చోట్ల చదవడానికి రావడం లేదని, అలాంటి చోట్లు పెరుగుతున్నాయని తేలింది.

"రిపేరు చెయ్యలేమా?" అన్నాను.

"ఇప్పుడు చెయ్యగూడదు. రిపేరు పెడితే ఉన్న కాస్త ఊపిరీ దానికే పోతాది. ముందు ఉండేది ఉన్నట్టు కొత్త డిస్కులోకి తీసుకోవాల. తర్వాత ఏమన్నా చేద్దాం. అంతవరకు దీన్ని ఆన్ చెయ్యద్దండి సార్. మేడం చెప్పినా సరే."

మేడం చెప్పినా సరే అన్న మాటతో నాలో ఏదో బిగువు సడలింది. ఇన్నాళ్ళకు ఆ మాటను మార్చి ఇంకో మాట చెప్పే మనిషి దొరికింది. ఆ తరవాత కొన్నాళ్ళు యంత్రం ఆగి ఉంది. మధ్యాహ్నాలు నాకు కునుకు పట్టలేదు.

కాపీ తీయడానికి పొద్దు పొడవకముందే వచ్చింది, చల్లగా ఉంటుందని. పక్కరేకు విప్పేసి, టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పాం. అది చాలదనుకుంటుంటే ఖాలా వచ్చి చూసి, "మా కూలరు తీసుకోండి. నాకేం, చెట్టు కింద పండుకుంటా" అని పంపించింది. కూలరుకు నీళ్ళు పోస్తూ, గాలి తగలనిస్తూ, ఒక రోగి పక్కన కూర్చున్నట్టే కూర్చున్నాం. కాపీ చేసే ప్రోగ్రాం ముందు సులువుగా వచ్చేవన్నీ తీసుకుంటుంది, మొరాయించే చోట్లను వదిలేసి, చివర మళ్ళీ వాటి దగ్గరికి వస్తుంది. అది మెల్లగా సాగుతోంది. మాటలు మా ఆవిడ మీదికి పోయాయి.

"మాకు వేగం, దూరం లెక్కలు మేడం ఎట్ల చెప్పిందో తెలుసా సార్?" అంది. "బడి వెనక రైలుకట్ట ఉండాది కదా. గూడ్స్ బండి వస్తే క్లాసంతా కిటికీ దగ్గరికి పంపించేది. వ్యాగన్లు లెక్కపెట్టండి, బండి పోయేదానికి ఎంతసేపు పట్టిందో చూడండి, వేగం చెప్పండి అనేది. మరుసటి దినం వచ్చి సరైన జవాబు చెప్పేది. మీకెట్ల తెలుసు మేడం అంటే, బండిలో పోయినాయప్పను అడిగినా అనేది."

మా ఆవిడ సాయంత్రాల్లో ఊరికే అడిగినట్టు, "ఈరోజు ఎన్ని వ్యాగన్లు? ఎంత స్పీడులో వచ్చినావు?" అని అడగడం గుర్తొచ్చింది. నామీద ఆపేక్షతో అడుగుతోందనుకొనేవాణ్ణి. నిజానికి లెక్క సరిచూసుకునేది. ఎందుకో నాకు నవ్వొచ్చింది. ఆమె పోయాక అదే మొదటిసారి నవ్వడం.

కాపీ పూర్తయ్యేసరికి మరుసటి రోజయింది. దాదాపు అన్నీ వచ్చాయి, కొన్ని చోట్లు తప్ప. కొత్త డిస్కులో ఆమె ఖాతా తెరిచి చూడొచ్చని, చూడమంటారా అని ఆ అమ్మాయి నన్ను అడిగింది. చూడమన్నాను.

అందులో ఫోటోలు. అన్నీ మా పెరటివే. అప్పుడు నేను తల తిప్పి కిటికీ వైపు చూశాను. కిటికీ ఊచకు దారంతో కట్టిన చిన్న కెమెరా. ఆన్‌లైన్ క్లాసుల కాలం నుంచి అక్కడే ఉంది. పాతబడి పడి ఉందనుకున్నాను. అది బతికే ఉంది, పెరట్లోకి చూస్తూ ఉంది.

బనగానపల్లెలో ఒక టీచరు కూతురి పెళ్ళికి పోయినప్పుడు మా ఆవిడ అక్కడి నర్సరీలో మామిడి అంటు ఒకటి తెచ్చి పెరట్లో నాటింది. మొక్క పెరగడాన్ని ఒక్క నిమిషంలో పిల్లలకు చూపిస్తానంది. ఎలాగని నేను అడగలేదు. ఇలాగన్నమాట. కెమెరా అరగంటకొక ఫోటో తీస్తుంది. చీకటివి వదిలేసి, మొదటిరోజు నుంచి ఉన్న ఫోటోలన్నీ ఒకచోట చేర్చి, రోజూ ఒకసారి ఆ యంత్రం మొత్తం సినిమాను కొత్తగా తయారు చేస్తుంది. ఫోటోలు పెరిగేకొద్దీ పని పెరుగుతుంది. హోరు రోజురోజుకీ పొడుగవడం అందుకే.

చివరిసారిగా తయారైన సినిమాను ఆ అమ్మాయి ఆడించింది.

మొదట నేను కనిపించాను. పెరట్లో బండ మీద ఒంటరిగా కూర్చొని ఉన్నాను. వేర్వేరు చొక్కాల్లో, ఒకసారి బనీనులో, అదే బండ, అదే మనిషి. పక్కన మామిడి మొక్క మోడై, కిందినుంచి కొత్త చిగురుతో ఉంది. ఆమె ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఎవరిదో మేక దాన్ని కొరికేసింది. అంటు కట్టిన చోటికి కిందినుంచి చిగురు వచ్చింది గనుక అది ఇక బంగినపల్లి కాదు, ఏదో నాటు మామిడి. నేనే నీళ్ళు పోస్తున్నాను. నేను అలా కూర్చోవడాన్ని బయటినుంచి ఎప్పుడూ చూసుకోలేదు. అంత ముసలివాణ్ణయ్యానని తెలియలేదు.

తరవాత తెరలో ఎండ రంగు మారింది. నేను లేను. మోడు లేదు. ఖాళీ నేల. ఆ నేలమీదికి మా ఆవిడ వచ్చింది. చేతిలో అంటుమొక్క.

ఆ అమ్మాయి గభాలున సినిమా ఆపేసింది. నేను కుర్చీ చెయ్యి పట్టుకున్నాను. నేను ఒంటరిగా కూర్చొని ఉన్నాక ఆమె వచ్చింది. నా కళ్ళతో చూశాను.

"సార్," అంది తెర మూలన తారీఖు చూపిస్తూ, "దీని గడియారం తప్పు పోతాండాది. నేను మొదటిరోజే చూసినా, పట్టించుకోలే." పెట్టె లోపల బిళ్ళంత బ్యాటరీ ఒకటి చూపించింది. "కరెంటు లేనప్పుడు గడియారాన్ని నిలబెట్టేది ఇదే. ఎప్పుడో అయిపోయినాది. మీ వీధిలో కరెంటు పూర్తిగా పోయినప్పుడు గడియారం ఎప్పటిదో పాత తారీఖుకు పోయి, అర్ధరాత్రి నుంచి మొదలైనాది. ఇంటర్నెట్ ఉండింటే తానే సర్దుకునేది. మళ్ళా కరెంటు ఎప్పుడొచ్చింది మీకు?"

"మిట్టమధ్యాన్నం."

"అంతే సార్. అప్పట్నించి మనకు మధ్యాన్నమైతే దీనికి అర్ధరాత్రి. మేడం ఈ పనిని అర్ధరాత్రి దాటినాక పెట్టింది, చల్లగా ఉంటాదని. అది మండే ఎండలోకి వచ్చి పడింది. తర్వాత తీసిన ఫోటోలన్నీ పాత తారీఖు కింద చేరి ముందుకొచ్చినాయి."

అంతా అర్థమైంది. అర్థమైనంత మాత్రాన నేను చూసింది చూడకుండా పోలేదు.

మిగతాది కూడా చూశాం. మొక్క పెరిగింది. దాని పక్కన మా ఆవిడ ఒక్కొక్క క్షణం మెరిసి మాయమయ్యేది. చెంబు పట్టుకున్న చెయ్యి. వంగిన వీపు. చీర చెంగు. మొహం మాత్రం ఎక్కడా లేదు. ఫోటోలు విడివిడిగా వెతికితే ఒక్కటి దొరికింది. కెమెరా సరిచేయడానికి వచ్చినట్టుంది, సూటిగా ఇటే చూస్తోంది. నుదురు, కళ్ళు, కళ్ళద్దాలు ఉన్నాయి. ముక్కు కిందినుంచి బూడిదరంగు పలక. అది డిస్కులో చదవడానికి రాని చోటు.

"పాత డిస్కులోనించి ఇంకోసారి ప్రయత్నం చెయ్యొచ్చు" అంది ఆ అమ్మాయి. "వస్తే రావొచ్చు. లేకుంటే డిస్కు పూర్తిగా పోవొచ్చు. మిగతావన్నీ మన దగ్గర ఉండాయి కాబట్టి, పోయినా ఈ ఒక్కదానికోసమే. మీ ఇష్టం."

ఆ రాత్రంతా ఆలోచించి పొద్దున ప్రయత్నించమన్నాను. కూలరు పెట్టాం. డిస్కు తిరిగింది. 'టక్' మంది. మళ్ళీ తిరగబోయి, సన్నగా మూలిగి, ఆగిపోయింది. ఎన్నిసార్లు తీగలు మార్చి పెట్టినా మళ్ళీ తిరగలేదు. ఆ అమ్మాయి దాన్ని చేతిలో పట్టుకొని, తల వంచుకొని కూర్చుంది. ఇంకా వెచ్చగా ఉందని నా చేతికిచ్చింది. నిజంగానే వెచ్చగా ఉంది. ఆసుపత్రిలో కూడా నేను మా ఆవిడ చెయ్యి అలాగే పట్టుకొని కూర్చున్నాను, చల్లబడేదాకా.

"నువ్వేం చేస్తావమ్మా. అడిగింది నేను" అన్నాను.

ఆ సాయంత్రం కొత్త డిస్కు బిగించింది. కొత్త బిళ్ళ బ్యాటరీ వేసి గడియారం సరిచేసింది. రోజూ మొత్తం సినిమా మళ్ళీ చేయకుండా, ఆ రోజు ఫోటోలను మాత్రమే చివర అతికించేలా మార్చింది. పనిని తిరిగి అర్ధరాత్రి దాటిన వేళకే పెట్టింది. పెట్టేముందు రెండు సంగతులు అడిగింది.

"ఈ పని ఎవరి పేరుతో పెట్టాల సార్? మేడం పేరా, మీ పేరా?"

"ఆమె పేరే ఉండనీ."

"ఫోటోల తారీఖులు సరిచేస్తే అన్నీ వరసకొస్తాయి. చెయ్యమంటారా? వద్దంటే అట్లే పెడతా."

వరస సరిచేస్తే ఆమె నాటుతుంది, నీళ్ళు పోస్తుంది, పోతుంది, నేను మిగులుతాను. ఇప్పుడున్న వరసలో నేను ఎదురుచూస్తాను, ఆమె వస్తుంది. ఆ తప్పును అలాగే ఉంచుకోవాలని ప్రాణం కొట్టుకుంది. కానీ ఆమె లెక్కల టీచరు. తప్పని తెలిసిన జవాబును పలక మీద ఉండనిచ్చే మనిషి కాదు.

"సరిచెయ్యమ్మా" అన్నాను.

ఇప్పుడు మధ్యాహ్నాలు ఏ చప్పుడూ లేదు. మొదట్లో నేను బండల మీద పడుకొని ఎదురుచూసేవాణ్ణి. కళ్ళు మూస్తే ఆ పట్టికలో ఆమె పేరు పైకి వచ్చి కూర్చోవడం కనిపించేది. ఇప్పటికీ కనిపిస్తుంది. తలుపు దాటి నీళ్ళకు పోతున్నప్పుడు ఒకసారి లోపలికి చూస్తాను. పెరట్లో కూర్చున్నప్పుడు కిటికీ వైపు చూడాలో వద్దో తెలియదు. చొక్కా మాత్రం వేసుకొని కూర్చుంటున్నాను.

కూలరు తిరిగిచ్చిన కొన్నాళ్ళకు ఖాలా మళ్ళీ గడప దగ్గరికి వచ్చింది.

"సప్పుడు పోయిందేమప్పా?"

"బాగుచేసినారు ఖాలా."

"బాగుచేసినారా" అని ఆమె అసంతృప్తిగా నిలబడింది. "ఆ సప్పుడు వింటే నువ్వు ఇంట్లో ఉండావు, బాగుండావు అనుకుంటాంటి. ఇప్పుడు నాకెట్ల తెలియాల?"

ఆ మరుసటి రోజునుంచి అన్నం వేళ దాటాక, ఆమె పెరటి ప్రహరీ అవతల నిలబడి ఒక కేక వేస్తుంది.

"ఉండావా అప్పా?"

"ఉండా ఖాలా" అంటాను.